చందాకు రసీదు – ధర్మానికి లెక్క



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు రాజులూ కోటలూ గుర్తుకు రాలేదు. జీవితమంతా రిజిస్టర్ల మధ్య గడిపినవాణ్ని. అందుకని చందాల చరిత్ర ఎంచుకున్నాను. మన సంఘం వైద్య సహాయ నిధి ప్రారంభించబోతున్న ఈ తరుణంలో ఇది కొంత పనికొస్తుందని నా ఆశ.

తొలి పాఠం మనకు భద్రాచలంలోనే ఉంది. తానీషా (పాలన 1672–1687) కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ముతో రాములవారి గుడి కట్టించారనీ, అందుకు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గారనీ పెద్దలు చెబుతూ వచ్చారు. భక్తుడిగా రామదాసుకు చేతులెత్తి మొక్కుతాను. గుమాస్తాగా చూస్తే మాత్రం ఒక్కటే అనిపిస్తుంది. సర్కారు సొమ్ము, దేవుడి సొమ్ము ఒకే పెట్టెలో పడితే ఎంతటి పుణ్యాత్ముడికైనా చిక్కు తప్పదు.

రెండో పాఠం గాంధీగారిది. 1894లో దక్షిణాఫ్రికాలో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ స్థాపించినప్పుడు ఎంత చిన్న మొత్తానికైనా రసీదు ఇచ్చేవారు, ప్రతి పైసా లెక్క రాసేవారు. ఆనాటి లెక్కల పుస్తకాలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా దొరుకుతాయని ఆత్మకథలో ధీమాగా రాసుకున్నారు. అందులోనే మరో ముచ్చట ఉంది. టొంగాట్ అనే ఊళ్లో ఒక గృహస్థు ఆరు పౌన్లు ఇస్తాడనుకుంటే మూడే ఇస్తానన్నాడు. ఆ ఆరూ ఇచ్చేదాకా ఆయన ఇంట వీళ్లు భోజనానికి లేవలేదు. తెల్లవారేసరికి ఆయన దిగివచ్చాడు. చదివినప్పుడల్లా నవ్వు వస్తుంది. కాని ఈ పద్ధతిని నేడు మనం అనుసరించరాదు. మొహమాటపెట్టి తీసుకున్నది చందా కాదు, వసూలు.

మన తెలుగు నేల మీద పెద్ద చందా ఉద్యమం బెజవాడలో మొదలైంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అక్కడ జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం, జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని తీర్మానించింది. నిధి కోటి దాటింది. ఆనాటి కోటి అంటే ఎంతో ఊహించుకోండి. జనం ఇచ్చింది డబ్బును చూసి కాదు, అడిగినవారి మీద నమ్మకంతో.

ఇక నా సొంత గోడు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలాది మంది కొట్టుకుపోయారు. రామారావుగారు, నాగేశ్వరరావుగారు స్వయంగా జోలె పట్టి విరాళాలు సేకరించారు. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. ముందస్తు అనుమతి లేకుండా ప్రభుత్వోద్యోగి చందాలు వసూలు చేయరాదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతుంది. అది తెలిసీ, ఆవేశంలో ఒక తెల్లకాగితం పట్టుకుని బల్లబల్లకూ తిరిగాను. పోగైన నగదును పైకి వెళ్తున్న ఒకరి చేతికిచ్చాను. రసీదు అడగలేదు, రాలేదు. మూడు నెలల తరువాత మా అటెండరు వచ్చి, "సారూ, నా పది రూపాయలు ముట్టినయా?" అని అడిగాడు. ముట్టే ఉంటాయన్నాను. చూపడానికి కాగితం ముక్క లేదు. ఆయన మారుమాట లేకుండా వెళ్లిపోయాడు. ఆ పది రూపాయలు ఆయన పిల్లలకు ఎన్ని పూటల బియ్యమో నాకు తెలుసు. ఆయన ఇప్పుడు లేడు. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉంది.

ఆ తరువాత చట్టాలు పెరిగాయి. తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటిది ఉండేవి. రెండింటి స్థానంలో 2001లో ఒకే చట్టం వచ్చింది. కనీసం ఏడుగురు సభ్యులు, ఏటా సర్వసభ్య సమావేశం, ఆడిట్ అయిన లెక్కలు దాని సారాంశం. 80జి పేరుతో మనందరికీ తెలిసిన ఆదాయపు పన్ను రాయితీ విషయంలో, 2017 నుంచి రెండు వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. చెక్కు ఇవ్వండి.

పిల్లలు అమెరికాలో ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. భారత పౌరసత్వం ఉన్న అబ్బాయి తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న అమ్మాయి పంపితే వస్తుంది. 2010 నాటి చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోరాదు. మనవరాలు ప్రేమతో పంపినా సరే!

మన ముత్తంగి సంగతే చూడండి. ఒకనాడు జొన్నచేలు, నేడు చుట్టూ ఫ్యాక్టరీలు, పక్కన ఔటర్ రింగ్ రోడ్డు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక సేవకు ఖర్చు చేయాలి. 2021 నుంచి అలాంటి సొమ్ము సంఘాల ద్వారా ఖర్చు చేయాలంటే ఆ సంఘాలు ప్రత్యేకంగా నమోదై ఉండాలి. కాగితాలు సరిగా లేక చేతికందిన సాయం జారిపోతే నష్టపోయేది రోగులూ బడిపిల్లలే.

ఇప్పుడు మన నిధి దగ్గరకు వద్దాం. "మనలో మనకు రసీదులెందుకండీ, అనుమానమా?" అని కొందరు పెద్దలు నొచ్చుకుంటున్నారు. అయ్యా, రసీదు అనుమానానికి కాదు, నమ్మకానికి కాపలా. వరుస నంబర్లున్న రసీదు పుస్తకం, నిధికి వేరే బ్యాంకు ఖాతా, చెక్కు మీద ఇద్దరి సంతకాలు, వైద్యానికి ఇచ్చింది విందులకు వాడకపోవడం, ఏడాదికోసారి అందరి ముందూ లెక్క చదవడం. ఇంతే. ఇవ్వలేనివారి పేరు బోర్డు మీద లేదని ఎవరూ చిన్నచూపు చూడరాదు.

రేపు మనలో ఒకరి భార్య "మా ఆయన ఇచ్చింది ముట్టిందా?" అని అడిగితే, పుస్తకం తీసి "ఇదిగోనమ్మా, ఫలానా తేదీ, ఫలానా నంబరు" అని చూపగలగాలి. ఆనాడు నేను చేయలేని పని అదే.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
ముత్తంగి