ఎల్లారెడ్డిలో ఎదురుపడ్డ ఇద్దరు

ఫలక్‌నుమాలో బయల్దేరిన ఎంఎంటీఎస్ రైలు మొదట ఆగేది ఉప్పుగూడలో. అక్కడి నుంచి యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ మీదుగా సికింద్రాబాద్ చేరుతుంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని ఇళ్లలో పనికీ ఆస్పత్రుల్లో ఊడ్చే పనికీ పోయే పాతబస్తీ ఆడవాళ్లు ఆ బోగీలో ఇరుక్కుని కూర్చుంటారు. పక్కామెది ఏ కులమో ఎవరూ అడగరు. వందేళ్ల కింద ఇదే నగరంలో బావి దగ్గర, గుడి గుమ్మంలో ఆ ప్రశ్న తప్పేది కాదు. ఆ ప్రశ్నకు ఎదురు నిలిచినవాళ్ల చిరునామాలు చాలామటుకు ఈ పట్టాలకు అటూ ఇటూ ఉన్నవే. డబీర్‌పురా దాటితే చంచల్‌గూడ జైలు, మలక్‌పేట అవతల చాదర్‌ఘాట్‌లో దళిత ఉద్యమానికి నెలవైన ఆది హిందూ భవన్, సికింద్రాబాద్‌ను ఆనుకుని చిలకలగూడ, ఇంకా ముందుకు పోతే బొల్లారం.

వాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ. 1906లో ఆయన జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పిస్తూ జనాన్ని కూడగట్టాడు. 1910 నుంచి బడులు తెరిచాడు. జోగినులుగా, మురళీలుగా ఆడపిల్లల్ని దేవుడికి వదిలే ఆచారం మీద గట్టిగా పోరాడాడు. ఆయన పేరూ, ఆయన కాలపు మరో దళిత నాయకుడు అరిగె రామస్వామి పేరూ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ బడులకు పిల్లల్ని పంపిన తల్లుల పేర్లు మాత్రం దొరకవు. పేర్లు దాచినా దాగని ఇద్దరు ఆడవాళ్లు తర్వాతి తరంలో వచ్చారు.

మొదటి మనిషి జె. ఈశ్వరీబాయి. 1918 డిసెంబర్ 1న చిలకలగూడలో మాల కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్లయి పూనా వెళ్లారు. ఆ కాపురం నిలవలేదు. కూతుర్ని ఎత్తుకుని పుట్టింటికి వచ్చి, సికింద్రాబాద్ పరోపకారిణి పాఠశాలలో పంతులమ్మగా కుదిరారు. అంబేద్కర్ మాట వంటబట్టింది. 1950ల మొదట్లో చిలకలగూడ నుంచి మున్సిపల్ కౌన్సిలర్‌గా గెలిచారు. నల్లా నీళ్లు, కరెంటు, రోడ్లు అంటూ బస్తీల కోసం కొట్లాడారు. అంటరానితనం మీద పోరు అంటే మనకు గుడి ప్రవేశమే గుర్తొస్తుంది గానీ, బస్తీ ఆడమనిషికి నల్లా అంతకన్నా పెద్ద గుడి.

రెండో మనిషి టి.ఎన్. సదాలక్ష్మి. 1928లో బొల్లారంలో, పాకీపని చేసే మెహతర్ల ఇంట్లో పుట్టారు. 1957లో కామారెడ్డి నుంచి కాంగ్రెస్ ఎమ్మెల్యే అయ్యారు. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా డిప్యూటీ స్పీకర్. తర్వాత మంత్రి, అదీ దేవాదాయ శాఖకు. ఏ గుళ్ల గుమ్మాలు తన తల్లి తరానికి మూసుకున్నాయో, ఆ గుళ్ల లెక్కాపత్రాలు ఆమె బల్ల మీదికే వచ్చాయి. ఆమె బతుకును ఆమె మాటల్లోనే గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ పేరుతో 2011లో పుస్తకంగా తెచ్చారు. ఆ పని జరగకపోతే ఈపాటికి సదాలక్ష్మి ఒక క్విజ్ ప్రశ్నగా మిగిలేవారు.

అదే కాలంలో అమెరికా నల్లజాతి ఆడవాళ్లు ఏం చేస్తున్నారో చూస్తే తేడా తెలుస్తుంది. 1955 డిసెంబర్ 1న మాంట్‌గొమరీ బస్సులో రోజా పార్క్స్ తెల్లవాళ్ల కోసం సీటు వదలనంది. (కాకతాళీయమే గానీ, ఆ రోజు ఈశ్వరీబాయికి 37 నిండాయి.) ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరమ్మ వేలకొద్దీ కరపత్రాలు అచ్చువేయించింది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు 381 రోజుల పాటు బస్సెక్కకుండా నడిచారు. 1962 ఆగస్టులో మిసిసిపీలో ఫానీ లూ హేమర్ అనే పత్తి కూలీ, 44 ఏళ్ల వయసులో ఓటు రాయించుకోవడానికి వెళ్తే, ఉన్న చోటి నుంచి యజమాని ఆ రోజే వెళ్లగొట్టాడు. అప్పటికే సదాలక్ష్మి సభాధ్యక్ష పీఠం మీద కూర్చుని సభ నడిపి ఉన్నారు. కాయితం మీద మనవాళ్లే ముందు. ఓటు వచ్చింది, రిజర్వుడు సీటు వచ్చింది, 1955 జూన్ 1 నుంచి అంటరానితనాన్ని నేరం చేసిన చట్టం అమల్లోకి వచ్చింది. పల్లెల్లోని హోటళ్లలో దళితులకొకటి, మిగతావాళ్లకొకటిగా రెండు గ్లాసులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ ఇద్దరూ 1967లో ఎల్లారెడ్డి రిజర్వుడు నియోజకవర్గంలో ఒకరికొకరు ఎదురు నిలబడ్డారు. సదాలక్ష్మిది కాంగ్రెస్. ఈశ్వరీబాయిది అంబేద్కర్ బాటలోని రిపబ్లికన్ పార్టీ. ఈశ్వరీబాయి గెలిచారు. ఇద్దరినీ ‘తొలి దళిత మహిళ’ అంటూ ఒకే దండలో గుచ్చేవాళ్లు ఈ ఎన్నికను దాటేస్తారు. దాటేయాల్సిన పనేముంది? పాలకపక్షంలో ఉండి సాధించాలని ఒకరు, బయట నిలబడి నిలదీయాలని ఒకరు. ఆ తగవులో ఇద్దరి దగ్గరా సరుకుంది.

నిలదీయడం ఎలా ఉంటుందో మరుసటి ఏడే శాసనసభ చూసింది. 1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం అంటగట్టి సజీవంగా తగలబెట్టారు. దాని మీద సభలో జరిగిన చర్చలో ఒక మంత్రి దళితుల్ని కించపరుస్తూ నోరు జారితే, ఈశ్వరీబాయి చెప్పు చూపించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. సభా మర్యాద గురించి ఆమెకు పాఠాలు చెప్పినవాళ్లకు కోటేశు విషయంలో ఏ మర్యాద గుర్తొచ్చిందో తెలీదు.

1969 తెలంగాణ ఉద్యమం ఇద్దరినీ ఒకే వైపుకు తెచ్చింది. చంచల్‌గూడ జైలు ఉద్యమకారులతో నిండిన రోజులవి. సదాలక్ష్మి, ఈశ్వరీబాయి ఇద్దరూ జైలుకెళ్లారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఉద్యమ పార్టీ తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లకు 10 గెలిచి, చివరికి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఈశ్వరీబాయి కలవలేదు. 1972లో సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి తరఫున మళ్లీ ఎల్లారెడ్డి గెలిచారు. 1991 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

సదాలక్ష్మి పని ఇంకా మిగిలే ఉంది. 1994లో మొదలైన మాదిగ దండోరాకు పెద్ద వయసులో అండగా నిలిచారు. ఎస్సీ రిజర్వేషన్ ఫలాలు కొన్ని కులాలకే చేరుతున్నాయన్నది ఆ ఉద్యమం ఫిర్యాదు. 2004 జూలైలో ఆమె పోయారు. ఎస్సీ కోటాను కులాల వారీగా పంచడానికి ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణ చట్టాన్ని ఆ నవంబర్‌లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చెల్లుతుందని తీర్పు మార్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా కోటా పంచుతున్నారు. సదాలక్ష్మి వెన్నుదన్నుగా నిలిచిన మాదిగలు రెండో గ్రూపులో, ఈశ్వరీబాయి పుట్టిన మాలలు మూడో గ్రూపులో ఉన్నారు.