పచ్చకంచె (ఉక్కునగరం)

ఇంటి హద్దు వెంబడి మొక్కలను దగ్గర దగ్గరగా నాటి, కత్తిరిస్తూ గోడలా పెంచేది పచ్చకంచె. విశాఖ ఉక్కు కర్మాగారం ఉద్యోగుల కోసం కట్టిన ఉక్కునగరానికి సముద్రం దగ్గర. కాబట్టి ఉప్పుగాలికి, ఎండకు, తుపానుకు ఓర్చే మొక్కనే ఎంచుకోవాలి. అలాంటి మొక్కల్లో గోరింటే నమ్మకమైనది: నీళ్లు తక్కువైనా బతుకుతుంది, ముదిరిన కొమ్మలకు ముళ్లొస్తాయి, ఆషాఢంలో ఆకు చేతికందుతుంది. నూరువరహాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ కొమ్మ చివర్లలోనే పూస్తాయి. పదేపదే కత్తిరిస్తే పూత పోతుంది. గన్నేరు ఉప్పుగాలికి జంకదు, కానీ ఆకు నుంచి వేరు దాకా విషమే. పసిపిల్లలు, పశువులు తిరిగే చోట అసలు వద్దు.

నాటడానికి తొలకరి అదను. అడుగు లోతున కాలువ తవ్వి, మాగిన పశువుల ఎరువు కలిపి, పెన్సిలంత లావు గోరింట కొమ్మలను అడుగు ఎడంతో గుచ్చాలి. మోకాలెత్తు రాగానే తలలు తుంచితే మొదలు నుంచీ గుబురు కడుతుంది. కంచె పైభాగం కన్నా అడుగుభాగం వెడల్పుగా ఉండాలి. లేదంటే వెలుతురు అందక కింది కొమ్మలు బోసిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో మహావృక్షాలనే కూల్చింది. అందుకే అక్టోబరుకు ముందే కంచె ఎత్తు తగ్గించడం మేలు. తుపాను వెలిశాక ఆకుల మీది ఉప్పును మంచినీళ్లతో కడిగేయాలి.