నందిగిరి : నామము, శిల, జలము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగువారికి నందికొండ చిరపరిచితము. సముద్రమట్టమునకు 1,478 మీటర్ల యెత్తున నున్న ఈ శిఖరమును నేడు పలువురు విహారస్థలముగా మాత్రమే యెరుగుదురు. దాని పేరును, శిలను, వాతావరణమును కలిపి పరిశీలించినచో, ఈ సీమ నీటిచరిత్రకు అదియే ఆదిపర్వమని తేటపడును.

మొదట నామవిచారము. కొండ దిగువ నంది గ్రామమున భోగనందీశ్వరాలయమును, కొండపై యోగనందీశ్వరాలయమును కలవు. క్రీ.శ. 806 నాటి నొలంబరాజు శాసనము దిగువ ఆలయపు ప్రాచీనతకు సాక్షి. నంది ఇచట తపస్సు చేసెనని జనశ్రుతి. శయనించిన నంది యాకారమువలన ఆ పేరు వచ్చెనని కొందరు, ఆనందగిరియే నందిగిరి యైనదని మరికొందరు చెప్పుదురు. శాసనాధారము ఆలయమునకే యుండుటచే, దైవనామమే పర్వతనామమునకు మూలమనుట సమంజసము. కోట వెలసిన పిమ్మట ‘దుర్గ’ పదము చేరినది. హైదరాలీ, టిప్పు సుల్తానుల కాలమున బలపడిన ఆ కోట 1791 అక్టోబరులో కారన్‌వాలిసు సేనకు వశమైనది. ఆంగ్లేయుల వ్రాతలలో నందిదుర్గము నందిద్రుగ్ అయినది. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో నొకదానికిని ఈ పేరే యుండెడిది.

ఇక శిల. ఈ ప్రాంతపు గ్రానైటు, నైస్ శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. హిమాలయములు వీని ముందు పసిబిడ్డలు. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, ఉల్లిపొరలవలె పైపొర లూడిపోవుటచే ఈ కొండలు నున్నని గుండ్లుగా మారినవి. చింతామణి దరినున్న అంబాజీదుర్గము మొదలగు కొండలును ఇట్టి కఠినశిలలే. ఇట్టి రాతిలో నీరు నిలుచునది పగుళ్ళయందును, పైనున్న పలుచని మట్టియందును మాత్రమే.

వాతావరణమును ఎత్తే నిర్ణయించుచున్నది. వేయి మీటర్లు పైకి పోయిన సుమారు 6.5 డిగ్రీల వేడిమి తగ్గును. చిక్కబళ్ళాపురము సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది గావున, శిఖరమున అంతకంటె మూడు డిగ్రీలకు పైగా చల్లదనము. మైసూరు కమిషనరు మార్కు కబ్బను ఇచట విడిది కట్టించుకొనుటకు కారణ మిదియే. పైన మేఘము లాడుచున్నను, క్రింది సీమలో వాన స్వల్పము.

అయినను ఈ కొండల చుట్టునే నదులు జనించుచున్నవి. చెన్నకేశవ కొండలలో పుట్టిన ఉత్తర పినాకిని, అనగా పెన్న, 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు సీమలో సముద్రమును చేరును. దక్షిణ పినాకిని తమిళదేశమునకును, అర్కావతి కావేరికిని పోవును. బాగేపల్లి మీదుగా సాగు చిత్రావతియు, పాపఘ్నియు పెన్నలో కలియును. పినాకమనగా శివుని విల్లు. కొండకు శివుని వాహనము పేరు, నదికి ఆయన ధనుస్సు పేరు! పెన్నేరన్న మాటలో ‘పెను ఏరు’ అను అర్థము తెలుగు చెవికి స్ఫురించును.

ఇన్ని యేర్లకు పుట్టినిల్లయిన చిక్కబళ్ళాపురము జిల్లాలో ఏడాది పొడవునా పారు నది యొక్కటియు లేదు. పూర్వులు ఆ లోటు నెరిగి చెరువులు త్రవ్విరి. చెరువులు పూడి, బోరుబావులు లోతై, భూజలమున ఫ్లోరైడు పెచ్చుపెరిగినది. ఇటీవల హెబ్బాళ–నాగవార పథకమున బెంగళూరు శుద్ధిచేసిన మురుగునీరు ఇచటి చెరువులకు వచ్చుచున్నది. నలుదిక్కులకు నీరిచ్చిన కొండ నగరపు వాడిన నీటికై యెదురుచూచుట చరిత్రలో వింతయే.

పెన్న గడ్డపై నివసించు తెలుగు బాలురకు ఆ నది యెచట పుట్టినదో పాఠముగా చెప్పవలెను. నెల్లూరు పెన్నయు, మన వాకిటి వాగును ఒకటే యని తెలిసిననాడు వాగును పూడ్చుటకు, కొండను తొలుచుటకు చేయి సంకోచించును. పేరు నిలిచిన చాలదు. ఆ పేరునకు ఆధారమైన నీరును నిలువవలెను.