బొగ్గు రంధ్రములలో జీవులున్నవా?

దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతమున నేల సాధారణముగా సారము లేనిది. కాని అక్కడక్కడ నల్లని, సారవంతమైన నేలలు కానవచ్చును. పూర్వకాలపు జనావాసములలో బొగ్గు, ఎముకలు, వంటింటి చెత్త మట్టిలో కలియుటచే అవి ఏర్పడినవి. వానికి 'టెర్రా ప్రెటా', అనగా నల్లమట్టి, అని పేరు. 1966లో విమ్ సోంబ్రోక్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున వీనిని వర్ణించెను. గాలి చాలని చోట కట్టెలను, ఊకను కాల్చి, ఆ బొగ్గును పొలములో కలుపు యోచన తరువాత క్రమముగా బలపడెను. ఇట్టి బొగ్గునే నేడు బయోచార్ అందురు. దాని రంధ్రములు సూక్ష్మజీవులకు ఇండ్లని పలువురు చెప్పుదురు. ఇది నిజమా? చూచి తేల్చవలసిన విషయము.

చూచుట సులభము కాదు. 1676లో లీవెన్‌హుక్ బాక్టీరియాను చూచినది మిరియాలు నానిన నీటిలో. నీటి గుండా వెలుతురు పోవును. మట్టి అట్టిది కాదు. అందుచే తొలుత శాస్త్రజ్ఞులు మట్టిని పోషక పదార్థముపై చల్లి, పెరిగిన సముదాయములను లెక్కించుచుండిరి. 1918లో అమెరికాలో కాన్, 1925 ప్రాంతమున ఫ్రాన్సులో వినోగ్రాడ్‌స్కీ మట్టికే రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచిరి. పళ్ళెములో పెరుగు వానికంటె ఎన్నో రెట్లు అధికముగా జీవులు కనబడినవి.

బొగ్గుతో చిక్కు మరింత హెచ్చు. అది వెలుతురును మ్రింగును, రంగులను పీల్చుకొనును. 1965లో అమ్మకమునకు వచ్చిన స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కొంత దారి చూపెను. ఎలక్ట్రానుల పుంజము ఉపరితలముపై తిరుగును గనుక వెలుతురు లోపలికి పోనక్కరలేదు. అయితే సాధారణముగా నమూనాను ఆరబెట్టి, లోహపు పూత పూసి, శూన్యములో ఉంచవలెను. రూపము తెలియును, ప్రాణమున్నదో లేదో తెలియదు.

2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మూడేండ్లు పొలములో ఉన్న బొగ్గును పరీక్షించిరి. చుట్టునున్న మట్టిలోకంటె బొగ్గులో జీవులు తక్కువగా కనబడినవి. బాక్టీరియా నిడివి సుమారు 1 మైక్రోమీటరు. బొగ్గులోని రంధ్రములు అనేకము అంతకంటె సన్నవి. పెద్ద రంధ్రములు సయితము మట్టితో పూడిపోవచ్చును.

అంతమాత్రాన బయోచార్ నిరుపయోగము కాదు. అది ఆమ్ల నేలలలో పులుపును తగ్గించగలదు; తేమను, పోషకములను కొంత నిలుపగలదు. ఆ మార్పులచే చుట్టునున్న జీవులకు మేలు కలుగవచ్చును. కాని ఒక్క ఛాయాచిత్రములో ఒక్క రంధ్రమున శిలీంధ్రపు పోగు కనబడినంతనే బొగ్గంతయు జీవమయమనరాదు. ఎన్ని రంధ్రములు చూచిరి, అందెన్ని ఖాళీగా నున్నవి అను లెక్కయు చెప్పవలెను.