సీలేరు కాఫీ రైతులు ఏ కాగితం, ఏ లెక్క ఎక్కడ భద్రపరచుకోవాలి?

అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెంకొత్తవీధి మండలంలోని సీలేరు పరిసరాల్లో రైతులు కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా పండిస్తున్నారు. పట్టా, రసీదులు, కూలీల లెక్కలు ఒకే సంచిలో ఉంచితే వానాకాలం చెమ్మకు, చెదలకు అన్నీ ఒకేసారి పాడవుతాయి. అన్నీ ఫోన్‌లోనే దాచినా ఫోన్ చెడిపోతే అదే నష్టం. అందుకే రైతులు ప్రతి కాగితానికీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: పోతే మళ్లీ తేలిగ్గా దొరుకుతుందా? ఎంత తరచుగా అవసరం పడుతుంది?

1. పట్టాలు, పాస్‌పుస్తకాలు

2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా భూమిని అమ్మకూడదు. వారసులకు మాత్రం ఆ హక్కు వస్తుంది. కాబట్టి ఈ కాగితం పిల్లలకూ అవసరమే.

• అసలు పట్టాను ప్లాస్టిక్ కవరులో ఉంచి, మూత గట్టిగా పడే రేకు పెట్టెలో నేలకు ఎత్తుగా పెట్టాలి.
• లామినేషన్ చేయించవద్దు. తర్వాత దాన్ని తీయబోతే కాగితం చిరుగుతుంది.
• రెండు జిరాక్సులు తీసి, ఒకటి పనులకు వాడుకోవాలి. రెండోది వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉంచాలి.

2. రోజువారీ సాగు లెక్కలు

• గట్టి అట్ట నోటుబుక్కులో బాల్‌పెన్‌తో రాయాలి. జెల్ పెన్ రాత తడికి చెదిరిపోతుంది.
• తేదీ, తోట, చేసిన పని, కూలి, ఎరువు, దిగుబడి ఏ రోజుకారోజు రాయాలి. సేంద్రియ ధ్రువీకరణ తనిఖీలో ఈ వివరాలు అడుగుతారు.
• కాఫీ పండ్లు, పార్చ్‌మెంట్, ఎండు చెర్రీ కిలోలను వేర్వేరు వరుసల్లో రాయాలి. ఎండితే బరువు బాగా తగ్గుతుంది కనుక కలిపి కూడితే లెక్క తప్పుతుంది.

3. అమ్మకం రసీదులు

గిరిజన సహకార సంస్థకు అమ్మినా, వ్యాపారికి అమ్మినా రసీదు తీసుకోవాలి. మెషిన్ నుంచి వచ్చే నున్నటి చీటీపై అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. అందుకే అదే రోజు రకం, కిలోలు, ధర, మొత్తం నోటుబుక్కులో ఎక్కించి, చీటీకి ఫోటో తీయాలి. బ్యాంకులో డబ్బు పడ్డాక పక్కన టిక్కు పెట్టుకోవాలి. తక్కువ జమ అయితే అడగడానికి ఇదే ఆధారం.

4. ఫోన్‌లో ఉంచదగినవి

• పట్టా, పాస్‌పుస్తకం, రసీదుల ఫోటోలు. ఇవి అసలు కాగితాలకు బదులు కావు.
• సిగ్నల్ ఉన్న చోటుకు వెళ్లినప్పుడు వాటిని ఈమెయిల్‌కు పంపుకోవాలి. కుదరకపోతే ఇంట్లో మరొకరి ఫోన్‌లోకి బ్లూటూత్‌తో పంపాలి.
• ఏటీఎం పిన్‌ను ఫోన్‌లో రాసి పెట్టవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

ఏటా మే నెలలో, వానలకు ముందే, పెట్టె తెరిచి కాగితాలను నీడలో ఆరబెట్టాలి. ఏ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికైనా చెప్పి ఉంచాలి.