పదాన్ని విప్పి చెప్పిన చదువు

తెలివైన పిల్లవాడికి చదవడం ఎందుకు పట్టుబడటం లేదన్న ప్రశ్న 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కెక్కింది. ఇంగ్లండులోని సీఫర్డ్‌లో వైద్యుడైన ప్రింగిల్ మోర్గాన్ పద్నాలుగేళ్ల పెర్సీ గురించి అందులో రాశాడు. ఆటల్లో చురుకైనవాడు, లెక్కలు బాగా చేసేవాడు. తన పేరునే ‘ప్రెసీ’ అని రాసి, తప్పు పడిందని గమనించలేకపోయాడు. మోర్గాన్ దీన్ని పుట్టుకతో వచ్చిన పదాంధత్వం అన్నాడు. పిల్లవాడిని మొద్దు అనకుండా కారణం వెతకడమే ఆ వ్యాసం చేసిన మేలు.

1925లో అమెరికాలోని అయోవాలో వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ ఇలాంటి పిల్లలను పరీక్షించాడు. మెదడు కుడి ఎడమల గురించి ఆయన చేసిన ప్రతిపాదన తర్వాత నిలవలేదు. తగిన శిక్షణ ఇస్తే వీళ్లకు చదువొస్తుందన్న మాట నిలిచింది. 1930లలో అన్నా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ ఆ శిక్షణకు పుస్తక రూపం ఇచ్చారు. అక్షరాన్ని చూడటం, పలకడం, చేత్తో రాయడం ఒకేసారి సాగాలన్నది వారి పద్ధతి. అందులో పెద్దపీట ధ్వనులకే.

అయితే ఇంగ్లిషు స్పెల్లింగ్ ధ్వనికి మాత్రమే కట్టుబడి ఉండదు. ‘జంప్డ్’ చివర వినిపించేది ట్, ‘ప్లేడ్’ చివర డ్, ‘వాంటెడ్’ చివర ఎడ్. రాతలో మాత్రం మూడింటికీ ఈ, డీ అక్షరాలే. చెవిని నమ్ముకున్న పిల్లవాడు మూడు రకాలుగా రాస్తాడు, అది సహజం. జరిగిపోయిన పనిని చెప్పే ప్రత్యయం ఇదొక్కటేనని చూపిస్తే చిక్కు విడిపోతుంది. ‘సైన్’లో పలకని జీ ‘సిగ్నేచర్’లో పలుకుతుంది, రెండూ ఒకే కుటుంబం. ఈ రాతలో అర్థబంధం దాగి ఉందని భాషావేత్తలు నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలె 1968లో వాదించారు.

భాషాశాస్త్రంలోని ఈ చూపు తరగతి గదికి చేరడానికి చాలాకాలం పట్టింది. ఆలస్యానికి మూల్యం చెల్లించింది పిల్లలే. ధ్వనులతో ఆగిపోకూడదని, పదాల పుట్టుకనూ నిర్మాణాన్నీ నేర్పాలని 1988లో మార్సియా హెన్రీ రాసింది. ఆంగ్లో-సాక్సన్, లాటిన్, గ్రీకు మూలాల పదాలు వేర్వేరుగా కూడుకుంటాయని ఆమె పాఠాలు చూపాయి. 2006లో తెరెజిన్యా నూనెస్, పీటర్ బ్రయంట్ ఇంగ్లండు బడుల్లో పదభాగాలు నేర్పుతూ చేసిన ప్రయోగాలను పుస్తకంగా తెచ్చారు.

ఉపసర్గలు, ప్రత్యయాలు పై తరగతులవారికే అన్న అలవాటు 2010లో గట్టిగా దెబ్బతింది. పీటర్ బవర్స్, జాన్ కిర్బీ, హెలెన్ డీకన్ 22 అధ్యయనాలను కలిపి చూశారు. పదనిర్మాణ బోధన చిన్న పిల్లలకూ అంతే పనికొచ్చిందని, చదువులో వెనకబడినవారికి మరింత మేలు చేసిందని, మిగతా పఠన పాఠాలతో కలిపి నేర్పినప్పుడు ఇంకా బాగా ఫలించిందని తేల్చారు.