మంచం పక్కన గీసిన బొమ్మ

ఆస్పత్రి మంచం. దాని మీద 49 ఏళ్ల ఆవిడ. పక్కన కూర్చున్న అమ్మాయి ఏదో గీస్తోంది. బ్రా బొమ్మ. అందులో ఓ యంత్రం.

అమ్మాయి పేరు జానాన్ దాదెవిరెన్. పుట్టింది టర్కీలో. పరిశోధన అమెరికాలోని ఎం.ఐ.టి.లో. మంచం మీదున్నది దగ్గరి చుట్టం. అశ్రద్ధ చేసిన మనిషేం కాదు, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంది. అయినా రొమ్ము క్యాన్సర్ బయటపడేసరికే ముదిరిపోయింది. ఆ తర్వాత ఆరు నెలలే బతికింది.

పరీక్షల కళ్లుగప్పి అదెలా పెరిగింది?

రొమ్ముకి తీసే ఎక్స్‌రే మామోగ్రామ్. ఒకదానికీ ఇంకో దానికీ మధ్య బోలెడు ఖాళీ. కొన్ని గడ్డలు ఆ సందులోనే తలెత్తుతాయి. రొమ్ము క్యాన్సర్లలో ఇలాంటివి 20 నుంచి 30 శాతం. వీటికి దూకుడెక్కువ. ఎప్పుడో ఓసారి చూస్తే చాలదు. ఒంటిమీదే ఉండి చూసేది కావాలి.

బొమ్మ వస్తువయ్యేసరికి ఏళ్లు పట్టింది. త్రీడీ ప్రింటర్‌లో అచ్చేసిన మెత్తటి పట్టీ, తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది. దాన్ని బ్రాకి అయస్కాంతాలతో అతికిస్తే, లోపలి బుల్లి పలకలు కరెంటు తగలగానే అదురుతాయి, ఆ అదురుకి పుట్టిన చెవికందని శబ్దం 8 సెంటీమీటర్ల లోతు దాకా దూసుకెళ్తుంది, గడ్డకి కొట్టుకుని వెనక్కొస్తుంది, ఆ ప్రతిధ్వనే తెరమీద బొమ్మవుతుంది. సూది లేదు. రేడియేషన్ లేదు. మనిషి మీద పనిచేస్తుందా?

71 ఏళ్ల ఆవిడ ముందుకొచ్చింది. రొమ్ములో నీటిబుడగలు వచ్చిన మనిషి. పట్టీ పెట్టారు. 0.3 సెంటీమీటర్ల బుడగ కూడా దొరికింది! ఆ ఫలితాన్ని 2023 జులైలో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రిక అచ్చేసింది.

సంబరం కాస్త ఆగాలి. దొరికింది నీటిబుడగ, క్యాన్సర్ కాదు. చూసింది ఒక్క మనిషిని. పైగా పట్టీని స్కానింగ్ మెషిన్‌కి తగిలిస్తేనే బొమ్మ వచ్చింది. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో అడిగి తెచ్చుకునే సరుకు కాదింకా.

అందాకా? ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో రెడ్ లైన్ ఎక్కితే లక్డీకాపూల్‌లో దిగొచ్చు. అక్కడికి దగ్గర్లోనే, రెడ్‌హిల్స్‌లో, ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. చేతికి గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం కారినా, నొప్పి లేదుగా అని ఊరుకోకండి అమ్మా. ఈ వారమే డాక్టరుకి చూపించుకోండి.